చాక్లెట్ ట్రఫుల్స్: ముద్ద కట్టినా, జారిపోయినా కారణం నీళ్లే

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. పాప పుట్టినరోజుకు కేక్ బయట కొంటున్నాం కానీ, దాని పక్కన నేను చేసిన చాక్లెట్ ట్రఫుల్స్ (చాక్లెట్, క్రీమ్ కలిపి చుట్టే ఉండలు) పెట్టాలని ఆశ. ఇప్పటికి రెండుసార్లు చేసి చూశాను. మొదటిసారి చాక్లెట్‌ను గిన్నెలో వేసి పొయ్యి మీద పెడితే బాగానే కరుగుతూ ఉన్నట్టుండి గరుగ్గా ముద్ద కట్టేసింది. వదులవుతుందేమోనని వెన్న వేస్తే నూనె పైకి తేలింది. రెండోసారి 200 గ్రాముల చాక్లెట్‌లో 200 మిల్లీలీటర్ల క్రీమ్ ప్యాకెట్ మొత్తం వేడి చేసి పోశాను. చూడటానికి నున్నగా ఉంది, కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా ఉండ కట్టడం లేదు, వేళ్లకు అంటుకుపోతోంది. దాన్ని ఇంకా పారేయలేదు. ఖరీదైన చాక్లెట్ కాకపోతే ట్రఫుల్స్ రావా? నాకు 40 దాకా కావాలి. పుట్టినరోజు ఆదివారం. ఎన్ని రోజుల ముందు చేసి పెట్టుకోవచ్చు? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఖరీదు సంగతి తర్వాత చూద్దాం. మీ రెండు ప్రయత్నాలనూ చెడగొట్టింది ఒకటే: నీళ్లు. మొదటిసారి చుక్క తగిలింది, రెండోసారి గ్లాసెడు పడింది.

నేను నీళ్లే పోయలేదే అంటారేమో. చాక్లెట్‌లో ఉన్నది కోకో, చక్కెర, కొవ్వు. తడి దాదాపు ఉండదు. కరిగినప్పుడు ఆ కోకో రేణువులు, చక్కెర రేణువులు కొవ్వులో విడివిడిగా తేలుతూ ఉంటాయి కాబట్టి నున్నగా కనబడుతుంది. తడి గరిటె పెట్టినా, మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన ఆవిరి చుక్క జారి పడినా, ఆ తడికి చక్కెర రేణువులు జిగురుగా మారి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. క్షణంలో గిన్నెంతా గరుకు ముద్ద. పొయ్యి మీద నేరుగా పెట్టి ఎక్కువ వేడి చేసినా ఇంచుమించు ఇలాగే చిక్కబడి పాడవుతుంది, కాకపోతే అప్పుడు మాడు వాసన కూడా వస్తుంది. మీరు వాసన మాట రాయలేదు కనుక, తడే తగిలి ఉంటుందని నా లెక్క.

అలాంటి ముద్దలో వెన్న వేస్తే లాభం ఉండదు. అక్కడ కొవ్వుకు కొదవ లేదు, అందుకే మీరు వేసింది పైకి తేలింది. చెబితే నమ్మబుద్ధి కాదు కానీ, దానికి మందు ఇంకాస్త నీళ్లే. వేడి పాలో, వేడి క్రీమో ఒక్కొక్క చెంచా చొప్పున పోస్తూ మధ్యలో కలుపుతూ ఉంటే, ఒకచోట ఆ జిగురు కరిగిపోయి మళ్లీ నున్నగా వస్తుంది. మొదటి రెండు చెంచాలకు ఇంకా ఘోరంగా కనిపిస్తుంది, కంగారు పడకండి. అలా బాగుపడిన చాక్లెట్ పైపూతకు పనికిరాదు. లోపలి ముద్దకైతే బాగా పనికొస్తుంది.

ఇక రెండోసారి సంగతి. క్రీమ్ అంటే కొవ్వొక్కటే కాదు, సగానికి పైగా నీళ్లే. 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీమ్ 100 గ్రాముల్లో 60 గ్రాముల దాకా నీరుంటుంది. వంటలకు వాడే 25 శాతం కొవ్వు క్రీమ్‌లో అది 70 గ్రాముల దాకా ఉంటుంది. మీ ప్యాకెట్ మీద కొవ్వు శాతం ఎంతని రాశారో చూడండి, 25 శాతం దగ్గర ఉండొచ్చు. అంటే 200 గ్రాముల చాక్లెట్‌లోకి 140 గ్రాముల నీళ్లు దించారన్నమాట. అది రాత్రంతా కాదు, వారమంతా ఫ్రిజ్‌లో ఉన్నా ఉండ కట్టదు. తప్పు మీ చేతిది కాదు, సగం సగం కొలతలో చేసిన గనాష్ కేక్ మీద పోసుకోవడానికి ఉద్దేశించింది. (చాక్లెట్, క్రీమ్ కలిపిన ఈ ముద్దనే గనాష్ అంటారు.) ఉండలు చుట్టాలంటే కొలత వేరే.

డార్క్ చాక్లెట్‌తో అయితే, 35 శాతం కొవ్వున్న క్రీమ్ దొరికినప్పుడు చాక్లెట్ 2 వంతులు, క్రీమ్ 1 వంతు. 25 శాతం క్రీమ్ అయితే 2.5 వంతులకు 1 వంతు, అదనంగా కాస్త వెన్న. ఈ తేడా ఎందుకంటే, రెండింటిలోనూ లోపలికి వెళ్లే నీటి కొలత ఒకటే కావాలి. మిల్క్ చాక్లెట్‌లో కోకో తక్కువ, కాబట్టి గట్టిపడే గుణమూ తక్కువ. దానికి 3 వంతులకు 1 వంతు పెట్టుకోండి. వైట్ చాక్లెట్ ఇంకా మెత్తన, 3.5 వంతులు వేసినా తప్పులేదు. ఇవన్నీ తూకం లెక్కలు, కప్పుల లెక్కలు కావు. తరిగిన చాక్లెట్‌ను కప్పులో వదులుగా పోస్తే ఒక బరువు, అదిమి పోస్తే ఇంకో బరువు. వంటింటి త్రాసు లేకపోతే ప్యాకెట్ మీద రాసిన బరువును బట్టి భాగాలు చేసుకోండి.

మీకు కావాల్సిన 40 ఉండలకు లెక్క చెబుతాను. ఒక్కోటి 12 గ్రాములు, అంటే ఉసిరికాయంత. 350 గ్రాముల డార్క్ చాక్లెట్, 25 శాతం క్రీమ్ 140 గ్రాములు, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు. గిన్నెకూ వేళ్లకూ అంటుకునేది, రుచి చూసే వంకతో మాయమయ్యేది పోగా 40 వస్తాయి. ఉప్పు మాత్రం మానకండి, అది లేకపోతే తీపి ఒక్కటే నాలుకకు తగిలి కోకో రుచి వెనకబడిపోతుంది. కోకో 50 నుంచి 60 శాతం ఉన్న చాక్లెట్ అయితే పిల్లలూ తింటారు, పెద్దలకూ మొహం మొత్తదు. 70 శాతం దాటితే ఈ కొలతలో ఉండ మరీ గట్టిపడుతుంది, క్రీమ్ ఒక చెంచా పెంచాలి.

ఇప్పుడు ఖరీదు. పేరు చూడకండి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చూడండి. కొవ్వు కింద కోకో బటర్ అని ఉంటే అది చాక్లెట్. దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన నోటి వేడి అంతకంటే కొంచెం ఎక్కువ. ట్రఫుల్ నోట్లో పెట్టగానే జారిపోవడం వెనక ఉన్న రహస్యం అంతే. కాంపౌండ్‌లో వాడే కొవ్వు చాలాసార్లు అంత తొందరగా కరగదు, నాలుక మీద మైనంలాంటి పొర మిగులుతుంది. కాంపౌండ్‌తో ఉండలు రావా అంటే వస్తాయి, రుచే రాదు. లోపలి ముద్దకు మటుకు కోకో బటర్ ఉన్నదే వాడమంటాను. మామూలు బార్ చాలు, విదేశీ పేర్లు అక్కర్లేదు. చాక్లెట్ చిప్స్ కంటే బార్ మేలు. చిప్స్ వేడికి ఆకారం చెడకుండా ఉండేలా తయారు చేస్తారు, కరిగినా మందంగా ఉంటాయి.

తయారీ దగ్గరికి వద్దాం. గిన్నె, కత్తి, పలక, గరిటె అన్నీ పొడి బట్టతో తుడవండి. చాక్లెట్‌ను వీలైనంత సన్నగా తరగండి, గోరంత ముక్కలు కూడా పెద్దవే. క్రీమ్ తక్కువగా వాడే ఈ కొలతలో ఒక చిక్కుంది. 140 గ్రాముల క్రీమ్‌లో ఉండే వేడి 350 గ్రాముల చాక్లెట్‌ను పూర్తిగా కరిగించడానికి బొటాబొటిగా సరిపోతుంది, ఏ గిన్నె చల్లగా ఉన్నా అక్కడక్కడా పలుకులు మిగిలిపోతాయి. అందుకని చాక్లెట్‌ను ముందే సగం కరిగించి పెట్టుకోండి. ఒక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు కాచి, పొయ్యి ఆపేసి, దాని మీద చాక్లెట్ గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు, పక్కల నుంచి ఆవిరి ఎగదన్నకుండా పై గిన్నె కాస్త వెడల్పుగా ఉండాలి. సగం ముక్కలు మెత్తబడగానే దించి అడుగు తుడిచేయండి. మైక్రోవేవ్ ఉంటే సగం పవర్‌లో 20 సెకన్ల చొప్పున, ప్రతిసారీ తీసి కలుపుతూ చేసుకోవచ్చు. చాక్లెట్ కరిగిపోయి కూడా ముక్క ఆకారంలోనే నిలబడి మనల్ని మోసం చేస్తుంది, కలపకుండా తెలియదు.

క్రీమ్‌ను సన్నసెగ మీద అంచుల దగ్గర బుడగలు కనబడేదాకా వేడి చేయండి. తెర్లనివ్వొద్దు. తెర్లితే నీరు ఆవిరై కొలత మారుతుంది, పైగా మరీ వేడి క్రీమ్ తగిలితే చాక్లెట్‌లో కొవ్వు విడిపోతుంది. చాక్లెట్ మీద పోసి, కదపకుండా రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత గరిటెతో సరిగ్గా మధ్యలో, చిన్న సున్నాలు చుడుతున్నట్టు కలపండి. మొదట చారలు చారలుగా, విరిగినట్టు ఉంటుంది. కాసేపటికి నడిమిలో నల్లగా మెరిసే చుక్క ఒకటి పుడుతుంది. అది పుట్టాక సున్నాలను నెమ్మదిగా పెద్దవి చేసుకుంటూ అంచులదాకా వెళ్లండి. విస్కర్‌తో గిలక్కొట్టకండి, గాలి చేరి ముద్ద గుల్లబారుతుంది. వెన్నను ఇప్పుడే వేయొద్దు. గిన్నె అడుగు అరచేతికి గోరువెచ్చగా అనిపించినప్పుడు, మెత్తబడిన వెన్నను ముక్కలుగా వేసి కలపండి.

ఇంత చేసినా ఒక్కోసారి నూనె అంచున మెరుస్తూ ముద్ద విరిగినట్టు కావచ్చు. తక్కువ క్రీమ్ కొలతలో ఈ ప్రమాదం కొంచెం ఎక్కువే. దాని అర్థం, ఉన్న కొవ్వును పట్టి ఉంచడానికి నీరు చాలలేదని. గోరువెచ్చని పాలు ఒక టీస్పూన్ వేసి మళ్లీ మధ్య నుంచే కలపండి. సాధారణంగా ఒకటీ రెండు టీస్పూన్లతో అతుక్కుంటుంది. మూడోది కూడా కావాల్సి వస్తే, ముందు ముద్ద చల్లారిపోయిందేమో చూసి కాస్త వెచ్చబెట్టండి.

రుచులు కలపాలని ఉంటే ఇక్కడా నీటి లెక్క మరిచిపోవద్దు. నారింజ రసం పోస్తే అది క్రీమ్ వాటాలోంచి తగ్గాలి. నారింజ తొక్క తురుము అయితే ఆ గొడవ లేదు. తురుమునో, దాల్చినచెక్కనో వేడి క్రీమ్‌లో వేసి పదిహేను నిమిషాలు మూతపెట్టి, వడగట్టి, మళ్లీ తూచి, తగ్గినంత క్రీమ్ కలిపి వేడి చేసుకోండి. ఇన్‌స్టంట్ కాఫీ పొడి అర టీస్పూన్ క్రీమ్‌లో కరిగిస్తే కాఫీ రుచి తెలియదు, చాక్లెట్ రుచి మాత్రం చిక్కబడుతుంది. నాకు నచ్చే కిటుకు ఇదే.

ముద్దను వెడల్పాటి పళ్లెంలో వేలి మందాన పరిచి, పైన ప్లాస్టిక్ పొర నేరుగా ముద్దకు అంటుకునేలా కప్పండి. గది వేడిలో గంట ఉంచి తర్వాత రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన గిన్నెలో వదిలేస్తే అంచులు రాయిలా, నడుమ పేస్టులా తయారవుతుంది.

ఉండలు చుట్టే దగ్గర చాలామంది విసిగిపోతారు. నోట్లో కరిగే వస్తువు అరచేతిలోనూ కరుగుతుంది మరి. ముందు చెంచాతో 40 భాగాలూ తీసి పళ్లెంలో పెట్టేయండి, గుండ్రంగా లేకపోయినా పర్వాలేదు. మళ్లీ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, చేతులను చన్నీళ్లలో ఉంచి బాగా తుడుచుకుని, అరచేతికి కోకో పొడి రాసుకుని, ఒక్కో ఉండనూ మూడు నాలుగు చుట్లలో ముగించండి. ఎక్కువసేపు చుట్టి నున్నగా చేయాలనుకుంటే కరిగి చేతికే మిగులుతుంది. అసలు దీన్ని భూమిలోంచి తవ్వితీసే ట్రఫుల్ పుట్టగొడుగులా కనబడాలనే మట్టిరంగు పొడిలో దొర్లిస్తారు. వంకరటింకరగా ఉంటే ఇంకా అసలైనదనిపిస్తుంది.

పైపూతకు తీపి లేని కోకో పొడే వాడాలి, పాలలో కలుపుకునే డ్రింకింగ్ చాక్లెట్ పొడి కాదు. డచ్ ప్రాసెస్ అని రాసి ఉన్న పొడి ముదురు రంగులో, పులుపు తక్కువగా ఉంటుంది, దొరికితే అదే మంచిది. జల్లించి పళ్లెంలో పోసి, ఉండలను దొర్లించి, తర్వాత జల్లెడలో వేసి మెల్లగా కదిపి ఎక్కువైంది రాల్చేయండి. పొడి మందంగా ఉంటే పిల్లలు కొరకగానే గొంతుకు అడ్డుపడి దగ్గుతారు. చేదంటారనుకుంటే మూడు వంతుల కోకోకు ఒక వంతు పొడి చక్కెర కలపండి. దోరగా వేయించి దంచిన జీడిపప్పు, బాదం లాంటి గింజల పొడి, కొబ్బరి పొడి, బిస్కెట్ పొడి కూడా బాగుంటాయి.

కొరికితే టక్కుమనే చాక్లెట్ పెంకు కావాలంటే టెంపరింగ్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు వెచ్చబెట్టడం. థర్మామీటర్ లేకుండా, ఆదివారం పండుగ పెట్టుకుని, ఇప్పుడు ఆ పనికి దిగమని చెప్పను. టెంపరింగ్ చేయకుండా ముంచితే పూత మెత్తగా ఉండి, రెండో రోజుకు తెల్లచారలు తేలుతుంది. తినడానికి హాని లేదు, చూడటానికే బాగోదు. దీనికి మిఠాయి తయారీవాళ్లు వాడే ఒడుపు ఒకటుంది: కరిగిన చాక్లెట్‌ను అరచేతికి పలుచగా రాసుకుని, చల్లటి ఉండను అందులో ఒకసారి చుట్టి, వెంటనే కోకో పొడిలో వేయాలి. సన్నని పెంకు ఏర్పడుతుంది, చారలు వచ్చినా పొడి కింద దాగిపోతాయి. లోపలి ముద్ద ఆరిపోకుండా కూడా కాపాడుతుంది. మీకు ఓపిక మిగిలితే ఇది చేయండి, లేకపోతే వట్టి కోకో చాలు.

మీ ఫ్రిజ్‌లో ఉన్న జారుడు ముద్దను పారేయకండి. దాన్ని వేడినీటి గిన్నె మీద వెచ్చబెట్టి, మరో 250 నుంచి 300 గ్రాముల చాక్లెట్ కరిగించి కలిపితే అదే ట్రఫుల్ ముద్ద అవుతుంది, మీ 40 ఉండలు అందులోంచే వచ్చేస్తాయి. కాకపోతే అది చేసి ఎన్నాళ్లయిందో మీకే తెలియాలి. క్రీమ్ ఉన్నది కనుక వారం దాటి ఉంటే ఆశ వదులుకోండి. అంత చాక్లెట్ పోయడం ఇష్టం లేకపోతే మెత్తగా దంచిన బిస్కెట్ పొడి కొంచెం కొంచెంగా కలపండి, నీటిని అది పీల్చుకుంటుంది. రుచి ట్రఫుల్‌ది కాదు, అయినా పిల్లలకు అభ్యంతరం ఉండదు. ఏదీ వద్దనుకుంటే వేడి పాలలో రెండు చెంచాలు కలుపుకుని తాగేయండి.

క్రీమే దొరకని ఇళ్లకు ఇంకో దారుంది. 400 గ్రాముల తీపి కండెన్స్‌డ్ మిల్క్, మూడు టేబుల్ స్పూన్ల కోకో పొడి, ఒక టేబుల్ స్పూన్ వెన్న అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద ఆపకుండా కలుపుతూ ఉడికించాలి. పది నిమిషాలు, అటూ ఇటూ. గరిటెతో గీత గీస్తే గిన్నె అడుగు కనబడి, రెండు మూడు క్షణాలకు గానీ మూసుకోకపోతే దించేసి, చల్లారాక వెన్న రాసిన చేతులతో చుట్టుకోవాలి. ఇది సాగుతుంది, తీపి ఎక్కువ, గనాష్‌తో పోల్చలేం. పాలు పడనివారి కోసమైతే చిక్కటి కొబ్బరి పాలను 25 శాతం క్రీమ్ కొలతలోనే వాడుకోవచ్చు. అప్పుడు వెన్న వేయకూడదు, పాలు కలవని డార్క్ చాక్లెట్ తీసుకోవాలి.

ఇక మీ వారం. గురువారం సాయంత్రం ముద్ద చేసి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టండి. శుక్రవారం చుట్టి, పొడి అద్ది, గాలి చొరబడని డబ్బాలో పొరల మధ్య బటర్ పేపర్ వేసి సర్దండి. చాక్లెట్ పక్కనున్న వాసనలన్నీ పట్టేస్తుంది, కోసిన ఉల్లిపాయ ఉన్న అరలో మటుకు పెట్టకండి. శనివారం మీకు దాని పని లేదు. తాజా క్రీమ్‌తో చేసినవి ఫ్రిజ్‌లో వారం దాకా బాగుంటాయి. ఇంకా ముందే చేయాలనుకుంటే డబ్బాను ఫ్రీజర్‌లో నెల దాకా ఉంచవచ్చు, కాకపోతే బయటికి తీసే ముందు రోజు డబ్బా మూత తీయకుండానే ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఫ్రీజర్ నుంచి నేరుగా తీసి మూత తెరిస్తే ఉండల మీద చెమ్మ పట్టి, మళ్లీ ఆ నీటి గొడవే మొదలవుతుంది.

ఆదివారం కేక్ కోసే ఇరవై నిమిషాల ముందు బయటపెట్టండి, గది బాగా వేడిగా ఉంటే పది నిమిషాలు చాలు. ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లలో కోకో పొడి తడిసి నల్లబడి ఉంటుంది, పళ్లెంలో పెట్టేముందు ఇంకోసారి పలుచగా జల్లండి. రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. ఇంట్లో కుక్క ఉంటే పళ్లెం దానికి అందకుండా చూసుకోండి, చాక్లెట్ కుక్కలకు విషం.

వచ్చే పిల్లల్లో ఎవరికైనా గింజలు పడవేమో వాళ్ల అమ్మానాన్నలను ముందే అడగండి. అలాంటివాళ్లు ఉంటే, చాక్లెట్ ప్యాకెట్ మీద గింజల ఆనవాళ్లు ఉండవచ్చన్న హెచ్చరిక ఉందేమో చూసి, అలాంటిది లేని బార్ తీసుకోండి. చుట్టేటప్పుడు వట్టి కోకో అద్దినవన్నీ పూర్తి చేసి, వేరే డబ్బాలో పెట్టి మూత వేశాకే గింజల పొడి బయటికి తీయండి.